ముదిమికి నీడ : ఇంగ్లండు స్థానిక సంస్థల అనుభవము

కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఇల్లు ఉద్యోగముతో వచ్చును, ఉద్యోగముతో పోవును. క్వార్టరు కేటాయింపు కాగితము చేతబట్టుకొని లోపలికి వచ్చినవాడు ముప్పది, ముప్పదియైదు సంవత్సరముల పిదప తాళపుచెవులు అప్పగించి, రసీదు పుచ్చుకొని బయటికి పోవలెను. 1998వ సంవత్సరమునుండి ఆ దినము అరువదవ యేట వచ్చుచున్నది. అంతకుముందు ఏబదియెనిమిదవ యేటనే వచ్చెడిది. పింఛను ఎంత, గ్రాట్యుటీ ఎంత, కమ్యూటేషను ఎంత అను లెక్కలు ఉద్యోగులకు కంఠపాఠము. ఎనుబది యేండ్లు నిండినచో పింఛనుపై నూటికి ఇరువది, తొంబదికి నలువది, నూరేండ్లకు నూటికి నూరు చొప్పున అదనముగ వచ్చునను సంగతి తెలియని ఉద్యోగి ఉండడు. కాని ఆ ఎనుబదవ యేట ఏ యింట నుండవలెను, ఆ యింటికి మెట్లెన్ని, రాత్రివేళ స్నానపుగదిలో కాలు జారినచో పిలుపు ఎవరికి వినబడును అను లెక్క వేసికొన్నవారు అరుదు. ఆ లెక్కను ఎవరికి వారే వేసికొనవలెనా, కుటుంబము వేయవలెనా, లేక ఊరి పాలన చూచు సంఘము వేయవలెనా అనునదే యీ ప్రసంగమునకు విషయము.

ఈ ప్రశ్నను నాలుగు శతాబ్దములుగ చట్టరూపమున ఎదుర్కొనుచున్న దేశము ఇంగ్లండు. అక్కడి కౌన్సిళ్ళు ఈ విషయమున చేసిన మేలు కొంత కలదు, చేసిన తప్పులు అంతకు తక్కువగ లేవు. అయితే ఆ తప్పులు చట్టములలోను, విచారణ సంఘముల నివేదికలలోను, పండితుల గ్రంథములలోను లిఖితములై యున్నవి. తప్పులను ఇంత శ్రద్ధతో వ్రాసిపెట్టుకొన్న దేశమునుండి నేర్చుకొనుట సులభము.

ముసలివారికి ఊరు నీడ నిచ్చు ఆచారము ఆ దేశమున ప్రాచీనమైనదే. వించెస్టరు నగరము చెంత 12వ శతాబ్దమున వెలసిన సెయింట్ క్రాస్ ధర్మశాలలో నేటికిని వృద్ధులు నివసించుచున్నారు. మన సత్రముల వలెనే అవియు దాతల దయపై నడచినవి. దయను చట్టముగ మార్చినది ఎలిజబెత్తు రాణి కాలమున, 1601లో వచ్చిన పేదల శాసనము. ప్రతి పారిష్, అనగా చర్చి పరిధిలోని గ్రామము, తన యందలి అశక్తులను తానే పోషింపవలెను. అందుకై ఇండ్లు, భూములు గలవారిపై పన్ను వేయవలెను. ఆ పన్ను వసూలు చేసి పంచుటకు పర్యవేక్షకులను నియమింపవలెను. ఈ పద్ధతి క్రింద ముసలి వారిలో పెక్కుమంది తమ గుడిసెలలోనే యుండి, వారమునకింత అని పుచ్చుకొని కాలము వెళ్ళబుచ్చిరి. పంచువాడు ఆ యూరివాడే యగుటచే ముఖమాటమును, పక్షపాతమును రెండును పనిచేసినవి.

పన్ను చెల్లించువారికి ఆ ఖర్చు భారమై తోచెను. 1834లో వచ్చిన సవరణ చట్టము పారిష్‌లను సంఘములుగ కూర్చి, ఒక్కొక్క సంఘమునకు వర్క్‌హౌసు అను పేర పెద్ద భవనమును కట్టించెను. సాయము కోరువారు అందులోనికి వచ్చి యుండవలెను. లోపలి బ్రతుకు బయటి కూలివాని బ్రతుకు కంటె హీనముగ నుండవలెనని సూత్రము. అట్లున్నగాని సోమరులు రాకుండ ఉండరని శాసనకర్తల తలంపు. సోమరిని భయపెట్టుటకు కట్టిన గోడలలోనికి, వెనుకటివలె ఇంటివద్ద సాయము దొరకక, కాలు కదపలేని ముసలివారును ప్రవేశింపవలసి వచ్చెను. మగవారొక వైపు, ఆడువారొక వైపు. ఏబది యేండ్లు కాపురము చేసిన దంపతులు గుమ్మమువద్ద విడిపోవలసి వచ్చెడిది. అరువదియేండ్లు దాటిన దంపతులను బలవంతముగ వేరుచేయరాదని 1847లో చట్టము చేసిరి గాని, జంటలకు వేరుగదులు పెక్కుచోట్ల లేకుండుటచే ఆ హక్కు చాలకాలము కాగితముననే యుండెను. హక్కు నిచ్చిన చట్టము గదిని కట్టలేదు. ఈ ఒక్క సంగతిని గుర్తునందుంచుకొన్నచో తరువాతి నూటడెబ్బది యేండ్ల చరిత్ర తేటగ తెలియును.

1908లో వృద్ధాప్యపు పింఛను చట్టము వచ్చెను. డెబ్బదియేండ్లు నిండిన బీదలకు వారమునకు అయిదు షిల్లింగుల వంతున 1909 జనవరి 1వ తేదీనుండి తపాలా కార్యాలయములలో చెల్లింపసాగిరి. చేతిలో నాలుగు డబ్బులుండగా వర్క్‌హౌసు గడప త్రొక్కనక్కరలేనివారు కొందరు బయటపడిరి. లోపల మిగిలినవారు డబ్బు మాత్రమే లేనివారు కారు; కాలు, చేయి, కన్ను సరిగా పనిచేయనివారు, నా అన్నవారు లేనివారు. పింఛను వేరు, పరిచర్య వేరు అను భేదము మొట్టమొదట అప్పుడు తెల్లమయ్యెను. 1929 చట్టము వలన 1930 ఏప్రిలునుండి వర్క్‌హౌసులు కౌంటీ కౌన్సిళ్ళకును, పెద్ద నగర సంఘములకును సంక్రమించెను. బోర్డులు మారెను. ద్వారమున ప్రజా సహాయ సంస్థ యని వ్రాసిరి. లోపలి పడకల వరుస మారలేదు.

ఇట్టి భవనమొకటి లండను పడమట వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిని ఆనుకొని యుండెను. 1935లో అందలి రోగుల వార్డులు ఆ ఆసుపత్రి పాలనలోనికి వచ్చినప్పుడు మార్జరీ వారెన్ అను డాక్టరుకు 714 మంది బాధ్యత అప్పగింపబడెను. వారిలో అనేకులు ఏండ్ల తరబడి మంచము దిగనివారు. ఎవరికేమి జబ్బో పరీక్షించినవారు లేరు. ఆమె ఒక్కొక్కరిని పరీక్షించి, జబ్బునుబట్టి వేరుచేసి, గోడలకు వెలుతురు రంగులు వేయించి, చేతిపట్టులు పెట్టించి, నడకకు అలవాటు చేయించెను. నడువలేరనుకొన్నవారిలో పలువురు లేచి నడచి ఇంటికి వెళ్ళిరి. వృద్ధుల వైద్యమను ప్రత్యేక శాస్త్రమునకు ఆ దేశమున పునాది అదియే. ఇంటికి పంపవలెనన్న ఇల్లు ఉండవలెనుగదా యని ఆనాడే వైద్యులకు తట్టినది. ఇల్లు లేక మంచము ఖాళీకాని రోగి నేటికిని ఇంగ్లీషు ఆసుపత్రులకు తీరని చిక్కు.

ఇచ్చట తెలుగువారికి సంబంధించిన మాట యొకటి కలదు. ఇంగ్లండున 1960, 70 దశకములలో ఈ వృద్ధుల వార్డులలో పనిచేయుటకు ఆ దేశపు యువ వైద్యులు అంతగ ఇష్టపడలేదు. గుండె, మెదడు, శస్త్రచికిత్సలవైపే వారి చూపు. ఆ ఖాళీలను నింపినవారిలో భారత ఉపఖండమునుండి వెళ్ళిన డాక్టర్లు అధికసంఖ్యాకులు. ఆంధ్రదేశపు వైద్య కళాశాలలలో చదివినవారును వారిలో కలరు. ఇతరులు వలదన్న పనిని చేపట్టి, దానిని గౌరవనీయమైన శాఖగ నిలబెట్టినవారిలో వీరి భాగము తక్కువ కాదు. అట్లు పరాయి తల్లిదండ్రులకు పరిచర్య చేసినవారికి తమ తల్లిదండ్రులను చెంతకు పిలిపించుకొనుట మాత్రము నానాటికి కష్టమైనది. 2012 జూలైలో బ్రిటిషు ప్రభుత్వము చేసిన నియమము ప్రకారము, నిత్యకృత్యములకు సైతము ఇతరులపై ఆధారపడవలసిన స్థితి వచ్చి, అట్టి పరిచర్య స్వదేశమున డబ్బు పంపినను దొరకదని రుజువైనచో తప్ప, వృద్ధులైన తల్లిదండ్రులకు స్థిరనివాసపు అనుమతి లభింపదు. ఆరోగ్యముగ నున్నంతవరకు రాకూడదు. ఆరోగ్యము చెడిన పిదప విమానమెక్క శక్తి యుండదు.

1948లో వచ్చిన జాతీయ సహాయ చట్టము పాత పేదల శాసనమును రద్దుచేసెను. దానిని తెచ్చిన ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్ బొగ్గుగని కార్మికుని కుమారుడు. వర్క్‌హౌసు అన్న మాట అతనికి చరిత్ర కాదు, ఇరుగుపొరుగు. వయస్సుచేతనో, దుర్బలతచేతనో పరిచర్య అవసరమై, అది వేరుచోట దొరకనివారికి నివాసమిచ్చుట కౌన్సిళ్ళ విధి యని ఆ చట్టము మూడవ భాగము శాసించెను. ఇరువదియైదు, ముప్పది మందికి మించని చిన్న చిన్న గృహములు కట్టింపవలెననియు, వర్క్‌హౌసు అధికారికిని లోపలివానికిని ఉండిన సంబంధము పోయి, హోటలు నిర్వాహకునికిని అతిథికిని ఉండునట్టి సంబంధము రావలెననియు మంత్రి ఆశించెను. ఇరువదియారు షిల్లింగుల పింఛనులో ఇరువదియొకటి అద్దెగ చెల్లించి, అయిదు షిల్లింగులు చేతిఖర్చునకు ఉంచుకొనవలెను. డబ్బిచ్చి యుండువాడు తల యెత్తుకొని యుండునని భావము.

ఆ భావము ఉదారమైనదే. ఇటుకలు మాత్రము రాలేదు. యుద్ధమున కూలిన ఇండ్లు కట్టుటకే సిమెంటు, కలప చాలని రోజులవి; కాపురములు చేసికొను యువకుల ఇండ్లకు, బడులకు ముందు వంతు. పదేండ్లు గడచెను. సమాజశాస్త్రజ్ఞుడు పీటరు టౌన్సెండ్ 1950 దశకాంతమున ఇంగ్లండు, వేల్సులలోని 173 వృద్ధుల గృహములను స్వయముగ తిరిగి చూచి, 1962లో ‘ది లాస్ట్ రెఫ్యూజ్’ అను గ్రంథమును ప్రకటించెను. కౌన్సిళ్ళ పోషణలో నున్న వృద్ధులలో ఇంచుమించు సగముమంది ఇంకను ఆ పాత వర్క్‌హౌసు గోడల నడుమనే యున్నట్లు అందు బయటపడెను. పడకకు పడకకు నడుమ బీరువాకైన చోటులేని హాలులు, గోడవెంట వరుసగ వేసిన కుర్చీలు, పేరుపెట్టి పిలువదగిన స్నేహము లేని సహవాసము ఆ గ్రంథమున కన్నులకు కట్టినట్లున్నవి. టౌన్సెండ్ అంతటితో ఆగలేదు. క్రొత్తగ కట్టిన చక్కని గృహములలోను మనిషికి తన కుండ, తన పొయ్యి, తన తలుపు లేక ఒక విధమైన నిర్వేదము కలుగుచున్నదని కనుగొనెను. అక్కడకు వచ్చినవారిలో గణనీయమైన భాగము రోగముచేత కాక, ఇల్లు లేకనో, తోడు లేకనో వచ్చినవారే. కాబట్టి సామూహిక గృహములను క్రమక్రమముగ తగ్గించి, చిన్న ఇండ్లను, ఇంటికి వచ్చి చేయు సేవను పెంచవలెనని అతని వాదము.

ఇతడే అంతకుముందు, 1957లో, లండను తూర్పుభాగమున బెత్నల్ గ్రీన్ పేటలోని వృద్ధుల కుటుంబ జీవితమునుగూర్చి మరియొక గ్రంథము వ్రాసెను. పాశ్చాత్యులు తల్లిదండ్రులను విడిచిపెట్టుదురని మనలో ఒక నమ్మకము కలదు. ఆ పేటలో టౌన్సెండ్ చూచినది వేరు. వృద్ధులలో పలువురికి కూతురో కొడుకో నడిచిపోగల దూరములోనే కాపురముండి, దినదినము రాకపోకలు సాగుచుండెను. వేరింట నుండుట వేరుపడుట కాదని ఆ పుస్తకము తెలుపును. తరువాత కౌన్సిళ్ళే పాత పేటలను పడగొట్టి యువ కుటుంబములను దూరపు కాలనీలకు తరలించినప్పుడు అట్టి బంధములు తెగిపోయినవి. ఒక శాఖ ఇండ్లు కట్టుచు తోడును తీసివేయగా, మరియొక శాఖ తోడులేనివారికి గృహములు కట్టసాగెను. రెండు ఖర్చులును ఒకే ప్రజల పన్నునుండి వచ్చినవే.

ఈ విమర్శల నడుమ పెరిగినది షెల్టర్డ్ హౌసింగు అను పద్ధతి. ముప్పది, నలుబది చిన్న ఇండ్లు ఒక్క చోట. ఒక్కొక్కదానికి సొంత తలుపు, సొంత వంటిల్లు. అందరకు కలిసి కూర్చుండుటకు ఒక గది. ప్రతి యింటిలో పిలుపుగంట త్రాడు. ఆ గంట విని పరుగెత్తివచ్చుటకు ఆవరణలోనే కాపురముండు వార్డెను. 1969లో గృహనిర్మాణ మంత్రిత్వశాఖ సర్క్యులరు వెలువరించి, తిరుగాడగలవారికి ఒక తరగతి, కొంత అశక్తులైనవారికి వెచ్చని నడవాలతో కూడిన రెండవ తరగతి అని కొలతలు నిర్ణయించెను. ఆ వార్డెను నర్సు కాదు, వంటమనిషి కాదు. చాలచోట్ల ఆ పేటలోని నడివయస్సు ఇల్లాలు. పొద్దున ఒక్కొక్క తలుపు తట్టి, ‘బాగున్నారా’ అని అడిగి, జవాబు రానిచోట తన చేతిలోని తాళపుచెవితో తీసి చూచుట ఆమె పని. కొంతకాలమునకు లెక్కలు చూచు అధికారులకు ఆ పలకరింపు ఖర్చుగ కనబడెను. దూరపు టెలిఫోను కేంద్రమునకు గంట కలిపి వార్డెనులను తీసివేసిన కౌన్సిళ్ళు పెక్కు. గంట కొట్టినవారికి జవాబు వచ్చును. గంట కొట్టలేకపోయినవారి మాటే చిక్కు.

1980 దశకమున విషయము విపరీతమైన మలుపు తిరిగెను. ప్రైవేటు గృహములలో చేరిన బీద వృద్ధుల ఖర్చును కేంద్ర ప్రభుత్వపు సామాజిక భద్రతా శాఖ భరింపవచ్చునని నియమము చేయగా, కౌన్సిలు ఖజానానుండి డబ్బు పోకుండనే వృద్ధుని గృహమునకు పంపు మార్గము తెరచుకొనెను. ఇంటివద్దనే యుంచి సేవచేసినచో కౌన్సిలుకు ఖర్చు. పంపివేసినచో కేంద్రమునకు ఖర్చు. ఏ గుమాస్తా యైన ఏమి చేయునో చెప్పనక్కరలేదు. ప్రైవేటు గృహములు పుట్టగొడుగులవలె లేచినవి. ఇంచుమించు ఒక కోటి పౌనుల ఖర్చు దశాబ్దము ముగియునప్పటికి నూరుకోట్ల పౌనులకు ఎగబ్రాకెను. వృద్ధుని అవసరము కాక, పద్దు ఏ ఖాతాలో పడునను విచారమే అతడు ఎక్కడ నివసింపవలెనో నిర్ణయించుచున్నదని 1986లో ఆడిట్ కమిషను నివేదిక తప్పుపట్టెను. 1988లో గ్రిఫిత్స్ నివేదిక, 1990లో చట్టము, 1993 ఏప్రిలులో అమలు. డబ్బును, బాధ్యతను మరల కౌన్సిలు చేతనే పెట్టిరి. అయితే బదిలీయైన నిధిలో నూటికి 85 వంతులు స్వతంత్ర సంస్థలవద్ద సేవలు కొనుటకే వినియోగింపవలెనని షరతు విధించిరి. గృహములు నడుపువారైన కౌన్సిళ్ళు ఇట్లు గృహసేవలు కొనువారైరి. కొనువాడు ధర బిగించినప్పుడు అమ్మువాడేమగునో 2011లో తేలెను: ఇంచుమించు 750 గృహములలో 31,000 మంది వృద్ధులను ఉంచుకొన్న పెద్ద కంపెనీ యొకటి అద్దెలు చెల్లింపలేక కూలిపోయెను. నివాసులు వీధిని పడకుండ కౌన్సిళ్ళు, ఇతర సంస్థలు సర్దుకొనవలసి వచ్చెను. అటుపిమ్మట 2014లో వచ్చిన సంరక్షణ చట్టము, నడుపువాడు దివాలా తీసినను నివాసికి సేవ ఆగకుండ చూచుట కౌన్సిలు విధి యని స్పష్టముగ వ్రాసెను. తన పరిధిలో తగినన్ని, తగినరకపు సేవలు దొరకునట్లు చూచు బాధ్యతయు ఆ చట్టమే మోపినది.

నేటి ప్రణాళిక యెట్లు జరుగునో కొంత వివరింపదగియున్నది. 2021 జనాభా లెక్కలనుబట్టి ఇంగ్లండు, వేల్సులలో అరువదియైదేండ్లు దాటినవారు ఒక కోటి పదకొండు లక్షలు. అనగా నూటికి 18.6 మంది. ప్రతి కౌన్సిలు కనీసము పదునైదు సంవత్సరముల ముందుచూపుతో స్థల వినియోగ ప్రణాళిక తయారుచేయవలెను. అందు వృద్ధుల ఇండ్ల అవసరమును వేరుగ లెక్కింపవలెను. డెబ్బదియైదేండ్లు దాటిన వేయిమందికి మామూలు చిన్న ఇండ్లెన్ని, పరిచారకులు ఆవరణలోనే యుండు ఇండ్లెన్ని, నర్సింగు గృహములలో పడకలెన్ని అని అంచనా కట్టి, కట్టబోవు కంపెనీలకు ఆ సంఖ్య చూపుదురు. క్రొత్త ఇండ్లలో కొన్నిటికి వెడల్పు తలుపులు, మెట్టులేని గుమ్మము ఉండవలెనని 2015 నాటి నిర్మాణ నియమములక్రింద కోరు అధికారమును కౌన్సిళ్ళకు కలదు. పాత ఇంటిలోనే యుండదలచినవారికి మెట్లవెంట కదలు కుర్చీకో, క్రింద స్నానపుగదికో 30,000 పౌనుల వరకు గ్రాంటు కలదు. ఆదాయము చూచి ఇత్తురు.

ఇంత యేర్పాటులోను ఒక పగులు కలదు. ఇంగ్లండున అనేక ప్రాంతములలో కౌన్సిళ్ళు రెండంతస్తులు. ఇండ్లు, స్థలములు, నిర్మాణ అనుమతి, ఆ గ్రాంటు, ఇవన్నియు క్రిందిదైన డిస్ట్రిక్టు కౌన్సిలు చేతిలో నున్నవి. పరిచర్య, దాని ఖర్చు పైదైన కౌంటీ కౌన్సిలు చేతిలో నున్నవి. వైద్యము ఈ రెంటికిని సంబంధములేని జాతీయ ఆరోగ్యశాఖది. భర్తపోయిన యొక వృద్ధురాలు మేడమీద పడకగది, మేడమీద స్నానపుగది గల యింట ఒంటరిగ నున్నదనుకొనుడు. క్రింద స్నానపుగది కట్టించుకొనుటకు డిస్ట్రిక్టు కౌన్సిలుకు దరఖాస్తు. అది యెట్టి గది కావలెనో పరీక్షించి చెప్పువారు సాధారణముగ కౌంటీ ఉద్యోగులు. ఆ కాగితము అటునుండి ఇటు వచ్చులోపల ఆమె మెట్లమీద పడును. ఆసుపత్రి ఖర్చు మూడవ శాఖది. నెలలు గడచి ఆమె ఇల్లు వదలి గృహమున చేరినచో వారమువారము ఖర్చు మరల కౌంటీది. గది కట్టక మిగిలించినవాని ఖజానాకు నష్టము లేదు. 2024 డిసెంబరులో బ్రిటిషు ప్రభుత్వము ఈ రెండంతస్తులను ఒకటిగ చేయనున్నట్లు శ్వేతపత్రమున ప్రకటించినది. అందుకు ఇతర కారణములు పెక్కు కలవు గాని, ఈ వృద్ధురాలి స్నానపుగదియు ఒక కారణముగ నుండదగినదే.

ఫైళ్ళతో బ్రతుకువారికి నవ్వు తెప్పించు వివాదము మరియొకటి. సొంత తలుపును, లోపలనే పరిచారకులును గల క్రొత్తరకపు సముదాయము స్థల నియమములక్రింద సంస్థయా, ఇల్లా? ఇల్లయినచో కట్టువాడు కొంతభాగము పేదలకు చౌకగ ఇయ్యవలెను. సంస్థ యయినచో అక్కరలేదు. కట్టువారు సంస్థ యని వాదించి, అమ్మునప్పుడు ఇల్లని ప్రకటింతురు. 2020లో లండనులోని హైకోర్టు, సంస్థల తరగతిలో చేరినను లోపలి భాగములు ఇండ్లు కావచ్చునని తీర్పు చెప్పెను.

ఇక డబ్బు సంగతి. వైద్యము అందరకు ఉచితము. పరిచర్య ఆస్తి చూచి. 23,250 పౌనులకు మించి సొమ్ముగలవారు పూర్తిగ తామే చెల్లింపవలెను. 2010 నుండి 2025 వరకు ఈ హద్దు కదలలేదు. భార్యయో భర్తయో ఇంటనున్నంతకాలము ఇంటిని లెక్కలోనికి తీసికొనరు. ఒంటరివాడు గృహమునకు తరలినచో ఇల్లును ఆస్తియే. కాన్సరు వచ్చినవాని ఇల్లు నిలుచును, మతిమరుపు జబ్బు వచ్చినవాని ఇల్లు అమ్ముడుపోవును. ఈ అన్యాయమును తీర్చుటకు 2011లో డిల్నాట్ కమిషను, జీవితమున ఎవరును 35,000 పౌనులకు మించి చెల్లింపనక్కరలేని పరిమితి విధింపుమని సిఫారసు చేసెను. ప్రభుత్వము దానిని 72,000 చేసి 2016నుండి అమలుచేసెదనని, వాయిదావేసి విడిచిపెట్టెను. మరల 86,000 చేసి 2023 అక్టోబరు అని, 2025 అక్టోబరు అని జరిపి, తుదకు 2024 జూలైలో వచ్చిన క్రొత్త ప్రభుత్వము రద్దుచేసెను. 2025 జనవరిలో మరియొక కమిషను ప్రకటింపబడినది. దాని తుది నివేదికకు 2028 గడువు. 2011లో డెబ్బదియేండ్లవానికి అప్పటికి ఎనుబదియేడు.

భారతదేశమున ఈ విధి ఎవరిది? రాజ్యాంగపు 41వ అధికరణము వార్ధకమున సహాయము రాజ్యపు కర్తవ్యములలో నొకటిగ పేర్కొన్నది. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల పోషణ చట్టము చేసినది. పిల్లలు పోషింపనిచో ట్రిబ్యునలునకు చెప్పుకొనవచ్చును. జిల్లాకొక వృద్ధాశ్రమము, కనీసము 150 మందికి, రాష్ట్ర ప్రభుత్వము స్థాపింపవచ్చునని 19వ సెక్షను చెప్పును. స్థాపింపవలెను అనలేదు. ఆ ఒక్క క్రియాపదములో ఎంత అంతరమున్నదో సెక్షన్లు చదివి నోట్సు వ్రాయు ఉద్యోగులకు వేరుగ చెప్పనేల? 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు పురపాలక సంఘములకు పదునెనిమిది అంశములను పేర్కొన్నది. పట్టణ ప్రణాళిక కలదు, బలహీన వర్గముల సంరక్షణ కలదు, శ్మశానములు సైతము కలవు. వృద్ధులు పేరుతో లేరు. 2011లోనే దేశమున అరువదియేండ్లు దాటినవారు పది కోట్లకు పైబడియుండిరి. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ విశ్రాంతి గృహములకు నమూనా నియమములు పంపినది. పట్టుకమ్ములు, జారని నేల, లిఫ్టు మొదలగునవి అందు కలవు. అవి ముఖ్యముగ డబ్బిచ్చి కొనువారికి అమ్ము కంపెనీలనుద్దేశించినవి. 1990లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వోద్యోగుల గృహనిర్మాణ సంస్థ పలు నగరములలో ఫ్లాట్లు కట్టి యిచ్చినది. కాని నలువదవ యేట కొన్నవాడు మూడవ అంతస్తునకు మెట్లు లెక్కపెట్టుకొనడు.

స్థానిక సంస్థ యనగా ఏమి చేయగలదో మన దేశముననే చూపిన రాష్ట్రము కేరళ. అచ్చట 2011లో అరువదియేండ్లు దాటినవారు నూటికి 12.6, దేశమంతటను 8.6. 1996లో ప్రజా ప్రణాళికోద్యమము పేర రాష్ట్ర ప్రణాళికా నిధులలో మూడవ వంతునకు మించి పంచాయతులకు, పురపాలక సంఘములకు అప్పగించిరి. కోజికోడులో 1993లో కొందరు వైద్యులు, పౌరులు ప్రారంభించిన ఉపశమన సేవ పేటపేటకు ప్రాకగా, 2008లో రాష్ట్రము దానిని విధానముగ స్వీకరించి పంచాయతుల పద్దులో చేర్చెను. శిక్షణ పొందిన నర్సు, ఆ వార్డు స్వచ్ఛంద సేవకులు జీపులోనో ఆటోలోనో మంచము పట్టినవారి ఇంటికి వచ్చి, పుండ్లు కడిగి, మందిచ్చి, ఇంటివారికి ప్రక్క మార్చు విధము నేర్పి పోవుదురు. భవనము కట్టలేదు, ఇంటినే వార్డు చేసిరి. ఇంగ్లండు నాలుగు శతాబ్దముల పిదప వచ్చి చేరిన చోటునుండి వీరు మొదలిడిరి. కేరళమునను కొరత లేకపోలేదు. పిల్లలు విదేశములలో, తాళము వేసిన గదులు పది, తల్లి ఒక్కతె అను ఇండ్లు అచ్చట తక్కువ కావు. నర్సు వచ్చి వెళ్ళిన తరువాతి రాత్రి ఎవరిదను ప్రశ్న అచ్చటను మిగిలియున్నది.

ఆంధ్రప్రదేశమున 2019నుండి గ్రామ, వార్డు సచివాలయములు ఏర్పడినవి. వృద్ధాప్యపు పింఛను 2020నుండి ఇంటివద్దనే అందజేయుట ఆరంభమైనది. 2024 జూలైలో మొత్తము నెలకు 4,000 రూపాయలు కాగా, పంచుటకు సచివాలయపు ఉద్యోగులే తలుపు తట్టసాగిరి. ఇంగ్లండున వార్డెనును తీసివేసి కౌన్సిళ్ళు పోగొట్టుకొన్న ఆ తలుపు తట్టు చేయి ఇచ్చట నెలకొకసారి యైనను ఉన్నది. డబ్బు లెక్కించి యిచ్చి, వ్రేలిముద్ర తీసికొను ఆ అయిదు నిమిషములలో మరి మూడు ప్రశ్నలు అడిగి వ్రాసికొనవచ్చును: ఇంట ఇంకెవరున్నారు, గుమ్మమునకు మెట్లెన్ని, మరుగుదొడ్డి ఎంత దూరము. వార్డునకు వార్డు ఆ మూడు గళ్ళు నిండినచో, ఏ వీధికి చేతిపట్టులు, ఏ వీధికి నర్సు, ఏ పేటలో నాలుగు గదులు కావలెనో పురపాలక సంఘపు బడ్జెటు సమావేశమునకు ముందే బల్లమీద నుండును.